మూడు నెలలు నడకే

పుదుచ్చేరిలోని సేదరపేట్‌లో మా ఇంటి ముందు తెల్లారకముందే లారీల రొద మొదలవుతుంది. పిప్‌డిక్ పారిశ్రామికవాడ రాకముందు ఇక్కడ మట్టిదారులుండేవి. గుర్రాన్ని నడిపించడానికి అంతకన్నా ఏం కావాలి! ఇప్పుడు గిట్ట మోపిన చోటల్లా తారో సిమెంటో. ఆ దెబ్బంతా ముందుకాళ్ళకే. ఊరికే నిలబడ్డప్పుడే గుర్రం తన బరువులో నూటికి అరవై పాళ్ళ దాకా ముందుకాళ్ళ మీద మోస్తుంది. మనిషి ఎక్కితే ఇంకా ముందుకు ఒరుగుతుంది. ఆ బరువును వెనక్కాళ్ళ మీదికి మళ్ళించడమే సవారీ విద్య. అది తొందరపడితే వచ్చేది కాదు.

మా రోజుల్లో లాయానికి కొత్త గుర్రం వస్తే మూడు నెలలు నడకే. మా గురువు పటాలంలో పనిచేసొచ్చిన తెలుగాయన. దౌడు మాటెత్తితే ఊరుకునేవాడు కాదు. పెద్ద పెద్ద గుండ్రాలు తిప్పించేవాడు, ఎడమకెన్ని చుట్లో కుడికీ అన్నే. ప్రతి గుర్రానికీ ఒక పక్క తిరగడం తేలిక, రెండో పక్క కష్టం. కష్టమైన పక్కకు కళ్ళెం పట్టి గుంజితే మెడే వంగుతుంది, ఒళ్ళు వంగదు. లోపలి పిక్కతో చిన్నగా నొక్కి, లోపలి వెనక్కాలు పొట్ట కిందికి వచ్చేదాకా ఓపిక పట్టాలి. వచ్చిందా, వీపు పైకి లేస్తుంది. “చేతుల్తో కాదురా, పిర్రలతో విను” అనేవాడాయన.

జబ్బను లోపలికి తెచ్చి ఏటవాలుగా నడిపించడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ పద్ధతిని 1733 నాటి తన గ్రంథంలో వివరించినవాడు ద లా గెరినియేర్ అనే ఫ్రెంచి రౌతని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ గ్రంథం వచ్చేనాటికి ఈ పుదుచ్చేరి ఆ ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది. మన తెలుగులో మాత్రం గుర్రాల విద్య లేదా? మనుమంచి భట్టు గుర్రాల మీద హయలక్షణ విలాసమని కావ్యమే రాశాడు.

సవారీ దిగాక మాలీసు. గడ్డి పేనిన చుట్టతో మెడా, జబ్బలూ, పిరుదులూ రుద్దాలి. ఎముక తేలిన చోట, నడుము మీద గట్టిగా తగలకూడదు. గుర్రానికి మనలా కాలర్ బోన్ లేదు. మొండెం రెండు జబ్బల మధ్య కండల ఉయ్యాలలో వేలాడుతుంటుంది. అక్కడ బిగుసుకుంటే అడుగు చిన్నదైపోతుంది. అందుకే అరచెయ్యి ఆనించి, కదపకుండా, దాని కన్ను చూస్తూ నిలబడాలి. రెప్పలు బరువెక్కి, కింది పెదవి జారి, నాలుక చప్పరించి ఆవలిస్తే బిగువు వదిలిందన్నమాట. చెవులు వెనక్కి పెట్టిందా, చెయ్యి తేలిక చెయ్యాలి. ఆ ఆవలింత కోసం అరగంట నిలబడ్డ రోజులున్నాయి నాకు.

ఇప్పుడేమో పదిహేను రోజుల్లో తయారైపోవాలట! తలను తాళ్ళతో రొమ్ముకు దిగలాగి, మెడ వంగింది చూడండంటూ ఫొటోలు తీసుకుంటారు. వీపు మీద చెయ్యేస్తే చెక్కబల్ల.

మా కాలమంతా బంగారమని నేననను. జట్కా గుర్రాల వీపుల మీద పుళ్ళు ఈ కళ్ళతోనే చూశాను. కాని ఆ కొరడా వెనక ఆకలుండేది, అప్పుండేది. వేలు పోసి జీనులు కొనేవాళ్ళకు ఏం వచ్చింది?

మొన్నామధ్య ఒక కుర్రాడు తన గుర్రం కుడికి తిరగనంటోందని తీసుకొచ్చాడు. మొండిదట. జీను తీయించి చూస్తే మూపుకు రెండు పక్కలా వెంట్రుకలు నెరిసి ఉన్నాయి. ఎన్నాళ్ళుగా నొక్కిందో ఆ జీను! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జీను పక్కన పెట్టించి, పొలంగట్ల వెంట చేత్తో పట్టి నడిపించమన్నాను. రోజూ సాయంత్రం మాలీసు నేనే దగ్గరుండి చేయిస్తున్నాను.

నిన్న కుడివైపు గుండ్రం సగం దాకా తాడు బిగియకుండా వచ్చింది. “తాతా, ఇక ఎక్కనా?” అన్నాడు.

“ఇంకో నెల నడిపించు నాయనా” అన్నాను.