పద్నాలుగొందల లాల్చీ

నీటిపారుదల శాఖలో రిటైరైన మనిషికి ఫ్యాషన్‌తో ఏం పని అని మీరడగొచ్చు. మా ఆవిడ మీకంటే ముందే అడిగింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తెల్లచొక్కా, బూడిదరంగు ప్యాంటు తప్ప నేను వేసెరగను. కాలవ గట్ల మీద తిరిగీ తిరిగీ ఆ రెండూ చివరికి ఒకే రంగులోకి వచ్చేవి. దాంతో కూచిపూడిలో నాకు నిరాడంబరుడని పేరొచ్చింది. నలుగురిలో ఎవరైనా ఆ మాట ఎత్తితే వినపడనట్టు మొహం పెట్టి, ఇంకోసారి అంటారేమోనని అక్కడే నిలబడేవాణ్ణి.

నా పతనం టీవీ ముందు మొదలైంది. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒక సినిమా పెట్టి పక్కన కూర్చోబెడుతుంది. అలా ‘ది డెవిల్ వేర్స్ ప్రాడా’ చూశాను. 2006 నాటి సినిమా. అందులో ఫ్యాషన్ పత్రిక ఎడిటరమ్మగా మెరిల్ స్ట్రీప్ ఒక కొత్త పిల్లని నిలబెట్టి కడిగేస్తుంది. నువ్వు ఇష్టంలేనట్టు తగిలించుకొచ్చిన ఆ స్వెట్టరు నీలం పెద్దపెద్ద డిజైనర్లు ఎంచిన రంగనీ, అక్కణ్ణించి మెట్టు మెట్టూ దిగి నువ్వు కొన్న చవక బట్టల గుట్టలోకి వచ్చిందనీ ఆవిడ వాదన. నాకిది వెంటనే బుర్రకెక్కింది. మా కాలవల భాషలో చెప్పాలంటే హెడ్ రెగ్యులేటరు పారిస్‌లో ఉంది, కూచిపూడి శివారు ఆయకట్టు. శివారుకి నీళ్ళెలా వస్తాయో, ఎప్పుడొస్తాయో, వచ్చేసరికి ఎంత మిగుల్తాయో శివారు రైతుల నోట తిట్లు తిన్నవాడిగా నాకు బాగా తెలుసు. ఆ పూట నుంచి పైనుంచి ఏం వదులుతున్నారోనని ఫోను చూస్తూ కూర్చోవడం అలవాటైంది.

మన సినిమాల్లో అయితే ఎగువా దిగువా లేవు, పాటొస్తే చాలు. పొలం గట్టున లంగా ఓణీలో ఉన్న పిల్ల ఒక్క ఆలాపనతో స్విట్జర్లాండు మంచులో షిఫాను చీరలో తేలుతుంది. చీర ఎవరు కొన్నారు, ఎంత పోసి కొన్నారు, రాత్రికి రాత్రి జాకెట్టు ఎవరు కుట్టిచ్చారు, ఎవరూ అడగరు. చలేస్తోందా తల్లీ అని కూడా అడగరు. అడక్కపోయినా కాపీ మాత్రం అందరూ కొడతారు. 1971లో ‘ప్రేమ్‌నగర్’ వచ్చాక వాణిశ్రీ కొప్పు కోసం మా మేనత్త పడ్డ పాట్లు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎత్తు నిలవడానికి దిండులో దూది తీసి కొప్పులో కూరిందట. మా తాతయ్య ఆ రాత్రి ఉత్త గలీబు మీద తలపెట్టి పడుకున్నాడు. 2018లో ‘మహానటి’ వచ్చినప్పుడు మా ఆవిడ వంతు. గౌరంగ్ షా, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు ఆ సినిమా దుస్తులకి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. కీర్తి సురేష్ కట్టిన నేతచీర ఒకటి తెరమీద చూసి, మా ఆవిడ సినిమాహాల్లోనే నా మోచెయ్యి గిల్లింది. అచ్చం అలాంటి చీరే, మా అమ్మది, ఆ రోజు మా డాబా మీద వడియాల కింద పరిచి ఉంది.

నిజానికి మా ఊళ్ళో పుట్టినవాడికి ఈ శివారు బుద్ధి ఉండకూడదు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా ముందు జడ వేస్తుంది, మొహం తర్వాత చూపిస్తుంది. తనని మించినవాళ్ళుంటే ఆ జడ కోసిస్తానని సవాలు. ఇవాళ ర్యాంపుల మీద జరిగే తతంగమంతా ఆ ఒక్క జడలో ఉంది. పైగా ఆ జడ వేసుకున్నది మగవాడు. వేదాంతం సత్యనారాయణశర్మగారు భామగా నిలబడి ఒక్కసారి ఓరగా చూస్తే ముందువరస ఆడవాళ్ళు తమ కుచ్చిళ్ళు సర్దుకునేవారని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. మరి ఆ ఒంటినిండా ఉన్న నగలు బంగారమా అంటే కాదు. తేలికపాటి బూరుగు కర్ర చెక్కి, పైన మెరుగు పెట్టినవి. రాత్రంతా ఆడే మనిషి మెడ నిలబడాలి కదా. బస్సెక్కి బందరు వైపు వెళ్తే చిలకలపూడి. రాగి మీదా ఇత్తడి మీదా పల్చటి బంగారు పూత పూసి, లేనింటి పెళ్ళికూతురి మెడ కూడా నిండుగా కనపడేట్టు చేసిన ఊరు. చిలకలపూడి నగ అని వెక్కిరించేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళ బీరువాల్లో కూడా అవే ఉంటాయి.

పెద్దింటి సోకుని చిన్నింటికి చేర్చే విద్య ఇలా ఇంటిచుట్టూ ఉన్నా నా కంటికి ఆనలేదు. దూరం నుంచి అరిచి అమ్మితేనే ఆనుతుంది. సబ్యసాచి అనే డిజైనరు పేరు సినిమా తారల పెళ్ళి ఫొటోల పుణ్యమా అని నాబోటివాడికి కూడా నోరు తిరిగింది. 2021 ఆగస్టులో ఆయన హెచ్ అండ్ ఎం కంపెనీతో కలిసి సామాన్యుడికి అందే ధరలో అంటూ బట్టలు దించాడు. అందులో చీర 9,999 రూపాయలు. ఆ సామాన్యుడెవరో కానీ, ఆన్‌లైన్‌లో నిమిషాల మీద సరుకు ఊడ్చిపెట్టాడు. చేతిపనివాళ్ళ తరఫు సంఘాలు బహిరంగ లేఖ రాశాయి. పూలూ తీగలూ మా చేతిపనిలోవి, పని మాత్రం మా చేతికి రాలేదని దాని సారాంశం. ఆ వార్త పూర్తిగా చదివాను. న్యాయమైన మాటే అనుకున్నాను. అనుకుంటూనే, ఆ చీర ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను.

ఇలా తయారైన మనిషికి పెళ్ళి పిలుపొచ్చింది. మా పెద్ద బావమరిది కూతురి పెళ్ళి, విజయవాడలో. ముందురోజు సంగీత్ అట. మా రోజుల్లో పెళ్ళిలో సంగీతమంటే సన్నాయీ డోలూ అంతే. 1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’ వచ్చి, తెలుగులో ‘ప్రేమాలయం’ అయ్యి, మాధురీ దీక్షిత్ ఊదారంగు బట్టలతో సహా మన పెళ్ళిపందిళ్ళలో దూరింది. అప్పుడు దూరింది మళ్ళీ బయటికి రాలేదు. వాట్సాప్‌లో సంగీత్‌కి డ్రెస్ కోడ్ కూడా పంపారు: ఎర్తీ టోన్స్. అంటే మట్టిరంగులు నాన్నా అని అమ్మాయి విడమర్చి చెప్పింది. మట్టిరంగు నాకు కొత్తా! ఉద్యోగమంతా ఆ కోడే పాటించాను.

ఆ రాత్రే ఫోన్లో ఒక ప్రకటన కనపడింది. గడ్డం నెరిసిన మోడలు ఒకాయన పెచ్చులూడిన గోడకి ఆనుకుని, కలంకారీ లాల్చీలో ఎటో దూరంగా చూస్తున్నాడు. హెరిటేజ్ అన్నారు, లిమిటెడ్ అన్నారు. పద్నాలుగు వేలన్నారు. మోడలుకి ఇంచుమించు నా వయసే ఉంటుంది. పొట్ట మాత్రం లేదు. ఆ లేకపోవడం కూడా లాల్చీతోపాటే వస్తుందనుకున్నానేమో, వేలు నొక్కేసింది. గ్యాస్ బండ దగ్గర్నుంచి బ్యాంకు దాకా మా ఇంటి మెసేజీలన్నీ మా ఆవిడ ఫోనుకే వస్తాయి. కళ్ళజోడు వెతుక్కునే బద్ధకానికి ఆవిడ ఒక్కటీ చదవదని నా ధీమా.

మా ఆవిడది బందరు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. ఇలాంటి మనిషి దగ్గర బట్ట గురించి మాత్రం అబద్ధమాడకూడదు. పార్సిలు విప్పగానే అందరిలా లాల్చీని ముందువైపు చూడలేదు. అంచు మడిచి లోపలివైపు చూసింది.

“ఏవండీ, వెనకంతా తెల్లగా ఉందేమిటి?”

“డిజైనర్ బట్ట కదా, అలాగే ఉంటుంది. గాలాడ్డానికి.”

ఆవిడ ఏమీ అనలేదు. ఒక తీగని వేలితో తడుముతూ భుజం దాకా వెళ్ళింది. “అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకే కనపడదు. ఇంత పొందిగ్గా ఏ చెయ్యి వేస్తుందండీ!”

మెచ్చుకుంటోందనుకుని చిరునవ్వు నవ్వాను.

“ఎంతేమిటి?”

పద్నాలుగు వేలు నోటిదాకా వచ్చాయి. పెదాల దగ్గర ఒక సున్నా రాలిపోయింది. “పద్నాలుగొందలు.”

“అంతేనా! అయితే మా తమ్ముళ్ళిద్దరికీ చెరొకటి తెప్పించండి. పెళ్ళిలో బట్టలు పెట్టాలిగా, ఏం కొనాలా అని చూస్తున్నా.”

ఆ పూట అన్నంలోకి చారుతోపాటు చరిత్ర కూడా వడ్డించింది. బందరు రేవు నుంచీ మన కోస్తా నుంచీ వెళ్ళిన అద్దకం బట్టల మోజులో పడి యూరపు దొరసానులు తమ దేశపు బట్ట ముట్టడం మానేశారట. మా నేతగాళ్ళు మాడిపోతున్నారని 1686లో ఫ్రాన్సు వాటిని నిషేధించింది. 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో ఇంకో చట్టం చేసింది. అంటే హెడ్ రెగ్యులేటరు అప్పట్లో బందరు పక్కనే ఉండేదన్నమాట. ఇప్పటికీ నీళ్ళు అటు ఎక్కుతూనే ఉన్నాయి. 2025 జూన్‌లో ప్రాడా వాళ్ళే మిలాన్ ర్యాంపు మీద కొల్హాపురి చెప్పుల్లాంటివి నడిపించి ఎక్కడివో చెప్పలేదు. మనవాళ్ళు గోల చేశాక గానీ ఒప్పుకోలేదు. ఇదంతా ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఎందుకు చెబుతోందో అప్పుడు తట్టలేదు.

ఇంకో ఇరవై ఎనిమిది వేలు పోసే గుండె నాకు లేదు. పెన్షను కాగితాల పని ఉందని చెప్పి, బందరులో దిగి పెడన బస్సెక్కాను.

అక్కడ కలంకారీ అద్దే ఒక షెడ్డులో చాలాసేపు నిలబడిపోయాను. ముందు బట్టని ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండేస్తారు. రంగు అటూ ఇటూ పాకకుండా ఆ పాలే కాపలా. గోనెపట్టాలు పరిచిన బల్ల మీద బట్ట. టేకు అచ్చుని నల్లరంగులో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు. ఆ నలుపు తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు. వాసన మన ఊరగాయకి దూరపు చుట్టంలా ఉంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు జాడే ఉండదు. తర్వాత రాగి కాగులో ఎర్రరంగు నీళ్ళలో మరిగిస్తుంటే పటిక పడ్డచోట మాత్రమే పట్టుకుని మెల్లిగా పైకొస్తుంది. బట్టంతా అదే నీళ్ళలో మునిగినా పక్క పువ్వుకి అంటదు. నేను చూస్తుండగా ఒక అచ్చు వెంట్రుకవాసి పక్కకి పడింది. అయ్యో అన్నాను. “పడాలండీ. పడకపోతే మిషనంటారు,” అన్నాడు అచ్చు వేస్తున్నతను తలెత్తకుండా. మిషన్లకి కూడా ఆ ఊళ్ళోనే కొదవలేదు. స్క్రీను ప్రింటు కూడా కలంకారీ పేరుతోనే పోతోంది. దాని ధరతో తూగలేక అచ్చుబల్ల ఎత్తేసినవాళ్ళున్నారు.

మాటల్లో కాలవ ప్రస్తావన వచ్చింది. బట్ట పారేనీళ్ళలో ఉతకాలి, కాలవ కట్టేస్తే మా పనీ కట్టేసినట్టేనన్నాడు. ఎండాకాలం కాలవలు కట్టేయించిన కాగితాల మీద నా సంతకాలు ఎన్నో ఉన్నాయి. ఆ సంగతి అక్కడ బయటపెట్టలేదు. మిలమిలలాడే తీగలున్న బట్ట రెండు లాల్చీలకి సరిపడా చింపించుకుని, ఊరికొచ్చి టైలరుకిచ్చాను. బట్టా కుట్టుకూలీ కలిపి ఒక్కోటి పద్నాలుగొందలు కూడా కాలేదు. ఇన్నాళ్ళకి నా అబద్ధం నిజమైనందుకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

సంగీత్ రోజు విజయవాడ హాల్లో ముగ్గురం మూడు లాల్చీల్లో దిగాం. లైట్ల వేడికి నా బట్ట ఒంటికి రేకులా అంటుకుపోయింది. ఏ వైపు నుంచీ గాలాడలేదు. బావమరుదులిద్దరూ పిల్లలతో కలిసి స్టెప్పులేస్తున్నారు, వాళ్ళ లాల్చీలు హాయిగా ఊగుతున్నాయి. వీడియోవాడు వాళ్ళిద్దర్నీ ముందుకి పిలిచి, నన్ను కొంచెం వెనక్కి జరగమన్నాడు. డల్లాస్ నుంచి వచ్చిన చిన్నవాడు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

“బావగారూ, అదిరిందండీ. మా ఫ్రెండ్సందరూ అడుగుతున్నారు. లింకు పంపండి.”

నేను నీళ్ళు నమిలాను. పక్కన గాజుల పళ్ళెం సర్దుతున్న మా ఆవిడ అందుకుంది.

“లింకేమీ లేదురా. బందరులో దిగి పెడన బస్సెక్కాలి. మీ బావగారికి దారి తెలుసు.” తర్వాత నా వైపు తిరిగింది. “ఏవండీ, ఈసారి వెళ్ళినప్పుడు మీదీ పట్టుకెళ్ళండి. పద్నాలుగు వేలు పోశారుగా, రెండోవైపు కూడా అద్దించుకురండి.”