ఇప్పుడు చూడు, ఇప్పుడు!

మా పెద్ద మామయ్యతో కూర్చుని సావిత్రి సినిమా చూసినవాళ్లెవరూ నిజానికి ఆ సినిమా చూడలేదు. చూడడం కుదరదు. మనల్ని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టి, తన కుర్చీ పక్కకి తిప్పుకుని, మన మొహంకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆయనకి తెరతో పనిలేదు. 'మాయాబజార్' ఆయన లోపల రోజుకు మూడాటలు ఆడుతూనే ఉంటుంది. ఆయనకి కావలసింది మన మొహం. సావిత్రి కనుబొమ్మ ఎత్తగానే మన మొహంలో ఏదో ఒకటి జరగాలి. జరక్కపోతే సినిమా ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు, మళ్లీ వేస్తాడు. అప్పటికీ జరక్కపోతే మన పెంపకం గురించి మా అమ్మకి ఫోను చేస్తాడు.

పైగా హెచ్చరికలు. సీను ఇంకా రాకముందే "ఇప్పుడు చూడు, ఇప్పుడు!" అంటాడు. మనం కంగారుపడి చూస్తాం. ఏమీ ఉండదు, రేలంగి ఉంటాడు. "ఇప్పుడు కాదురా, వస్తోంది, వస్తోంది" అంటాడు. తీరా వచ్చేసరికి మనం మామయ్యకేసి చూస్తూ ఉంటాం. "చూశావా?" అంటాడు. "చూశాను" అంటాం. "ఏం చూశావు?" అంటాడు. ఇది వైవా పరీక్ష. దీనికి సప్లిమెంటరీ కూడా ఉంటుంది, మర్నాడు కాఫీ దగ్గర.

1957లో 'మాయాబజార్' వచ్చేనాటికి మామయ్య నిక్కర్లేసుకునే కుర్రాడు. టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూసిన ఆ ఆట ఆయన జీవితాన్ని ఒక దారిలో పెట్టేసింది. అందులో మాయా శశిరేఖ ఘట్టం ఉంది కదా, అది మామయ్య స్వయంగా చేసి చూపిస్తాడు. పెళ్లికూతురి పాట సుశీల గొంతులో సాగుతూ మధ్యలో ఘంటసాల గొంతులోకి మారగానే, ఆ సుకుమారమైన పిల్ల ఒంట్లోంచి ఘటోత్కచుడు బయటికి తొంగిచూస్తాడు, మళ్లీ గభాలున సిగ్గుపడుతూ సర్దుకుంటాడు. ఘటోత్కచుడు శశిరేఖగా నటిస్తాడు. ఆ ఘటోత్కచుణ్ని సావిత్రి నటిస్తుంది. ఆ సావిత్రిని, బట్టతలా తెల్లమీసమూ ఉన్న మా మామయ్య నటిస్తాడు. ఈ మూడంతస్తుల నటన ఆయన పెళ్లిపందిళ్లలో చేశాడు, రైల్లో చేశాడు, ఒకసారి కళ్లాసుపత్రిలో డ్రాప్సు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్న జనం ముందు కూడా చేశాడు. వాళ్లు చూడలేదన్న బాధ ఆయనకి ఇప్పటికీ ఉంది.

2010లో ఆ సినిమాకి రంగులద్ది విడుదల చేసినప్పుడు ఊరంతా సంబరపడింది. మామయ్య వారం రోజులు మాట్లాడలేదు. "వెన్నెలని వెన్నెలగా చూపించినవాడు మార్కస్ బార్ట్లే. దానిమీద వీళ్లు సున్నం కొడతార్రా?" అన్నాడు. ఆ రంగుల సినిమా టీవీలో వచ్చిన రోజు మాత్రం ముందు వరసలో కూర్చున్నాడు. రిమోటు తీసుకుని టీవీలో రంగు సున్నాకి తగ్గించి, మొత్తం చూశాడు.

ఆయన ఉద్యోగం చేసింది కరెంటాఫీసులో. దూరదర్శన్‌లో సావిత్రి సినిమా వచ్చిన సాయంత్రాలు మా వీధికి కరెంటు పోయేది కాదు. ఎందుకు పోలేదని అడిగే తెలివితక్కువవాళ్లెవరూ మా వీధిలో లేరు.

చరిత్ర చెప్పడంలో మామయ్యకి ఒక పద్ధతి ఉంది. 'మిస్సమ్మ'లో మేరీ వేషం ముందు భానుమతిది. కొంత షూటింగు అయ్యాక ఆవిడకీ నిర్మాత చక్రపాణికీ పడలేదు. అప్పటిదాకా రెండో కథానాయిక వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, ఆ రెండో వేషం జమునకి వెళ్లింది. భానుమతితో తీసిన నాలుగు రీళ్లు చక్రపాణి తగలబెట్టించాడని చెబుతారు. ఇంతవరకూ లోకానికి తెలిసిందే. కానీ మామయ్య నోట ఆ రీళ్లు ఏటేటా పెరుగుతాయి. నా చిన్నప్పుడు నాలుగే తగలబడ్డాయి. నేను కాలేజీకొచ్చేసరికి ఎనిమిదయ్యాయి. మొన్న మా పాపకి చెబుతుంటే విన్నాను, సినిమా మొత్తం బూడిదయింది, ఒక్క క్లైమాక్సే మిగిలింది.

రీళ్లు పెరిగినకొద్దీ దూరాలు తగ్గుతాయి. సావిత్రి పుట్టింది గుంటూరు జిల్లా చిర్రావూరులో. మా అమ్మమ్మగారి ఊరూ ఆ జిల్లాదే. మొదట్లో రెండూళ్లకీ మధ్య బండి కట్టుకుని పోవలసినంత దూరం ఉండేది. తర్వాత సైకిలు తొక్కితే చాలనేంత దగ్గరికొచ్చింది. ప్రస్తుతం ఇక్కణ్నుంచి కేకేస్తే అక్కడ పలుకుతారు. సావిత్రి పసితనంలోనే తండ్రి పోతే బెజవాడలో పెద్దమ్మగారింట పెరిగింది. ఆవిడ చిర్రావూరు వదిలాక చాలా ఏళ్లకి గానీ మామయ్య పుట్టలేదు. ఈ సంగతి ఎత్తితే, "మట్టి ఒకటే కదరా" అంటాడు. మట్టితో మనం వాదించలేం.

మర్యాద దగ్గర కూడా ఆయనకి లెక్కలున్నాయి. రామారావు రామారావే, నాగేశ్వర్రావు నాగేశ్వర్రావే, చక్రపాణి చక్రపాణే. సావిత్రి మాత్రం సావిత్రిగారు. మనం కూడా గారు కలపాలి. కలపకపోతే మన వాక్యం మధ్యలో తనే కలుపుతాడు. ఆవేశం వచ్చినప్పుడు మాత్రం ఆ మర్యాదలన్నీ ఎగిరిపోయి "ఆ పిచ్చిపిల్ల ఏం చేసిందిరా!" అంటాడు. వయసులో ఆ పిచ్చిపిల్ల మామయ్యకంటే పదేళ్లు పైమాటే.

ఇదంతా భరించింది అత్తయ్య. పెళ్లిచూపుల్లో మామయ్య అడిగిన ఏకైక ప్రశ్న: "మిస్సమ్మ చూశావా?" అత్తయ్య తలొంచుకుని, "చూశానండీ, రామారావు చాలా బాగా చేశాడు" అందట. అయినా పెళ్లి జరిగింది. ఆ జవాబుని మామయ్య క్షమించాడే గానీ మరిచిపోలేదు. ఆ సినిమాలో మేరీ పడే చిరాకులకి మామయ్య దగ్గర వర్గీకరణ ఉంది. దేవయ్య మీద చిరాకు ఒక రకం, ఎం.టి.రావు మీద ఒక రకం, సీతకి అతను సంగీతం నేర్పుతుంటే వచ్చే చిరాకు ఇంకో రకం, ఆ చిరాకు తనకెందుకొచ్చిందా అని తనమీద తనకే వచ్చే చిరాకు అన్నిటికన్నా పైరకం. ఈ ఉపన్యాసం జరుగుతుండగా అత్తయ్య కాఫీ గ్లాసు టక్కున బల్లమీద పెట్టి, "నా చిరాకు మాత్రం ఈయనకి ఎప్పుడూ కనపళ్లేదమ్మా, ఏ రకమూ" అంటుంది.

మామయ్య ఒంటరివాడు కాడు. ఆదివారం పొద్దున మునిసిపల్ పార్కులో ఒక సిమెంటు బల్ల మీద నలుగురు చేరతారు. బ్యాంకులో రిటైరైన ఒకాయన 'గుండమ్మ కథ' మనిషి. పిండి రుబ్బింది రామారావే అయినా సీను మాత్రం పక్కనున్న లక్ష్మిదేనని ఆయన సిద్ధాంతం. తెలుగు మేష్టారొకాయన 'కన్యాశుల్కం'లో మధురవాణి పక్షం. గురజాడ మధురవాణికీ సినిమా మధురవాణికీ ఉన్న తేడాలన్నీ వరసగా చెప్పి, తేడాలన్నీ తప్పే గానీ సావిత్రి ఒప్పని తేలుస్తాడు. హోమియో డాక్టరుగారిది 'చివరకు మిగిలేది'. 1960లో వచ్చిన ఆ సినిమాలో మనసు చెదిరిన రోగికి సేవ చేస్తూ చేస్తూ తన మనసే చెదిరిపోయే నర్సు వేషం సావిత్రిది. మిగతా ముగ్గురికీ ఆ సినిమా సరిగ్గా గుర్తులేదు. అందుకని ఏ వాదమైనా చివరికి డాక్టరుగారే గెలుస్తారు. "అది చూడకుండా మీరు సావిత్రి గురించి మాట్లాడుతున్నారా?" అని లేచి వెళ్లిపోతారు.

నలుగురిదీ ఒకటే అభిప్రాయం. ఆవిడంత నటి లేదు, రాదు. ఈ ఒక్క మాట మీద నాలుగు గొంతులు లేచి, వాకింగుకి వచ్చినవాళ్లు దారి మార్చుకుంటారు. అభిప్రాయభేదం ఉంటే ఎక్కడో ఒకచోట రాజీ కుదురుతుంది. ఇక్కడ భేదమే లేదు కాబట్టి గొడవకి అంతు లేదు.

ఇంట్లో ప్రతిపక్షం మా పిన్ని. ఆవిడ జమున అభిమానో, భానుమతి అభిమానో ఇంతవరకూ తేలలేదు. అన్నయ్య నోరు మూయించడానికి ఆ పూట ఎవరు పనికొస్తే వాళ్ల అభిమాని. "మిస్సమ్మ భానుమతి వదిలేసింది కాబట్టి దొరికింది. మూగమనసులు చూసినవాళ్లకి గుర్తున్నది గౌరి. ఆ గౌరి వేషమే హిందీ మిలన్‌లో వేస్తే జమునకి ఫిల్మ్‌ఫేర్ ఇచ్చారన్నయ్యా, మర్చిపోయావా?" అంటుంది. మామయ్య చాలాసేపు ఏమీ అనడు. ఆఖరికి, "గౌరి ఏడిస్తే అందరికీ కనపడుతుందే. సావిత్రిగారి రాధ ఏడుపు ఆపుకుంటే చూడ్డానికి కళ్లుండాలి" అంటాడు. పిన్ని ఈమధ్యే శుక్లాలు తీయించుకుంది. వారం రోజులు మాటల్లేవు.

2018లో 'మహానటి' వచ్చింది. మామయ్య సినిమాకి కాగితాలూ పెన్నూ పట్టుకుని వెళ్లాడు, తప్పులు రాసుకోవడానికి. "ఎవరో ఈకాలపు అమ్మాయట, సావిత్రిగారి వేషమట" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఇంటర్వెల్లో చూస్తే కాగితం తెల్లగా ఉంది. బయటికొచ్చాక ఆటో ఎక్కి ఇల్లు చేరేదాకా మాటలేదు. ఇంటికొచ్చి, "ఆ పిల్ల కష్టపడింది" అన్నాడు. మామయ్య పరిభాషలో అది పద్మభూషణ్. తర్వాత కీర్తి సురేష్‌కి జాతీయ అవార్డు వచ్చినప్పుడు, మొట్టమొదట గుర్తించింది తనేనని పార్కులో ప్రకటించుకున్నాడు. ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. వేసవి సెలవులకొచ్చిన మనవరాలు 'మాయాబజార్' చూస్తూ, "తాతయ్యా, ఈవిడ అచ్చం కీర్తి సురేష్‌లా ఉంది" అంది. ఆ రాత్రి మామయ్య మజ్జిగన్నంతో సరిపెట్టాడు.

ఇంత మాట్లాడే మనిషికి కొన్ని మూతపడిన గదులున్నాయి. 'దేవదాసు' ఎన్నిసార్లు చూసినా ఆఖర్న పార్వతి గేటుకేసి పరుగెత్తుకొచ్చే వేళకి మంచినీళ్ల వంకతో లేచిపోతాడు. ఆ గేటు మూసుకోవడం ఆయన 1953 నుంచీ ఒప్పుకోలేదు. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం వహించింది. చాలావరకు ఆడవాళ్లనే పనిలో పెట్టుకుని, సంగీతం గాయని పి.లీలకి అప్పగించి తీసింది, బాగా నష్టపోయింది. "సినిమా ఫెయిలైంది కదా మామయ్యా" అంటే, "సినిమా కాదురా, ప్రేక్షకులు ఫెయిలయ్యారు" అంటాడు. 1979లో వచ్చిన 'గోరింటాకు'లో శోభన్‌బాబు తల్లిగా వేసింది. ఆ సినిమా ఆయన ఒకసారే చూశాడు. పార్కులో ఎవరైనా జెమినీ గణేశన్ గురించో, మందు గురించో, ఆస్తులు పోవడం గురించో, 1981 డిసెంబరుకి ముందు ఆవిడ ఒంటిమీద తెలివి లేకుండా గడిపిన నెలల గురించో మొదలుపెడితే, "ఎండెక్కుతోంది" అని లేచేస్తాడు. జనవరిలో కూడా అదే అంటాడు. ఆ ఒక్క చోట ఆయన మీద నాకు కోపం రాదు. ఎదుటివాళ్ల కష్టాన్ని కథగా చెప్పుకునే రుచి మనందరికీ ఉంది. దాన్ని ముట్టని మనిషి మా ఇంట్లో ఈయనొక్కడే.

కోపం వచ్చే చోట్లు మిగతావన్నీ. ఈయన ధర్మమా అని నాకు 'మిస్సమ్మ' కథ ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఆపిన చోట్లన్నీ గుర్తున్నాయి, నడిచిన చోట్లు గుర్తులేవు. పైగా ఈమధ్య ఇంకో చిక్కు. మా పాపతో కలిసి 'గుండమ్మ కథ' చూస్తుంటే, "నాన్నా, అటు తిరిగి కూర్చో" అంది. తిరిగి కూర్చున్నాను. కాసేపటికి మెడ దానంతటదే ఇటు తిరిగింది. వంశంలో చక్కెర జబ్బు లేదని మురిసేవాళ్లం.

ఈ వ్యాసం ప్రతిని మామయ్యకి ముందుగానే చూపించాను, తర్వాత మాట రాకూడదని. కరెంటాఫీసు సంగతికి కోప్పడతాడనుకున్నాను, బట్టతలకి నొచ్చుకుంటాడనుకున్నాను. అవేవీ పట్టించుకోలేదు. కళ్లజోడు తీసి, "నర్తనశాల ఏదిరా?" అన్నాడు. "రక్తసంబంధం ఏది? ఆరాధన లేదు, మంచిమనసులు లేదు, మాంగల్యబలం లేదు. తోడికోడళ్లు అయినా పెట్టలేదు. ఇది సావిత్రిగారి గురించి రాయడమా?" నేను రాసింది నీ గురించి మామయ్యా అన్నాను. పత్రికవాళ్లు ఇచ్చిన చోటు కూడా అయిపోయిందన్నాను.

"అయితే నా గురించి రాసిందంతా కొట్టేసి అవి పెట్టు" అన్నాడు.