రిజల్యూషన్ సూత్రానికి మర్రిగూడ వ్యాఖ్య

మూలం

గేమ్‌స్కోప్ -డబ్ల్యూ 1920 -హెచ్ 1080 -పె.డబ్ల్యూ 3840 -పె.హెచ్ 2160 -ఎఫ్ -- %కమాండ్%

(‘పె.’ ఉన్నవి పెద్దబడి అక్షరాలు, తక్కినవి చిన్నబడి. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషులోనే.)

అవతారిక

ఫోర్‌కే తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని గేమ్ మొదలుపెడితే తెర తళతళలాడుతుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది. ఆ తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 పిక్సెళ్లు. నిండు వేగంతో ఆడాలంటే ఇన్నింటికీ సెకనుకు 60 సార్లు రంగు లెక్కగట్టాలి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి అది తలకు మించిన పని. నల్లగొండ జిల్లా మర్రిగూడలో మే నెల మధ్యాహ్నమైతే ఫ్యాను హోరెత్తుతుంది, చిప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆ బాధ తీర్చేది ఈ సూత్రం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్న సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదక్ సీమవాడు. ఇక్కడా వీలైనంత వరకు అదే నియమం.

అనుబంధ చతుష్టయం

అధికారి: ఫోర్‌కే తెర, చిన్న గ్రాఫిక్స్ చిప్, ఆడి తీరాలనే పట్టుదల, ఈ మూడూ ఉన్నవాడు. ఫుల్ హెచ్‌డీ తెర కలవాడు జన్మతః ముక్తుడు. విషయం: గేమ్ గీసే బొమ్మ కొలత. ప్రయోజనం: సెకనుకు గీసే ఫ్రేములు పెరగడం. సంబంధం: పని తగ్గితే వేగం పెరుగుతుందనే కార్యకారణభావం.

ప్రతిపదార్థం

గేమ్‌స్కోప్ = వాల్వ్ సంస్థ వారి చిన్న కంపోజిటర్; గేమ్‌ను విడిగా నడిపించి, దాని బొమ్మను సాగదీసి తెరకు అందించేది; 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో గేములను తెరకెక్కించేదీ ఇదే. డబ్ల్యూ, హెచ్ = గేమ్ లోపల గీసుకునే వెడల్పు, ఎత్తు. పె.డబ్ల్యూ, పె.హెచ్ = తెరమీద కనబడే వెడల్పు, ఎత్తు. ఎఫ్ = నిండు తెర. -- = గేమ్‌స్కోప్ మాటలు ముగిశాయి, ఇక మీదట గేమ్‌వి అని చెప్పే హద్దు. %కమాండ్% = అసలు గేమ్ కమాండ్‌ను స్టీమ్ (వాల్వ్ వారి గేముల దుకాణం) తానే నింపే చోటు.

వినియోగం

గేమ్‌స్కోప్ ప్యాకేజీని ముందుగా ఇన్‌స్టాల్ చేసి, స్టీమ్‌లో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్ గడిలో దీన్ని రాయాలి.

విశేషం

1920×1080 అంటే 20,73,600 పిక్సెళ్లు, ఫోర్‌కేలో సరిగ్గా నాలుగో వంతు. గేమ్ గీసిన ఒక్కో పిక్సెల్ తెరమీద రెండింటికి రెండు చొప్పున నాలుగు గళ్లలో కూర్చుంటుంది. ఎకరం చెలకను పదేసి గుంటల చొప్పున నలుగురికి పంచినట్టు లెక్క తెగుతుంది. 2560×1440 పెడితే ఒక్కో పిక్సెల్‌కు అడ్డంగానూ నిలువుగానూ ఒకటిన్నర గడి వస్తుంది. గట్టు గడి మధ్యలో పడి బొమ్మ అలుక్కుపోతుంది. మామూలుగా గేమ్‌స్కోప్ పక్క రంగులను కలిపి కాస్త మెత్తగా సాగదీస్తుంది. పెద్దబడి ఎఫ్ చేర్చి ‘నియరెస్ట్’ అంటే గళ్లు గళ్లుగా స్పష్టంగా ఉంటుంది, పాత పిక్సెల్ గేములకు అది తగును. ‘ఎఫ్‌ఎస్‌ఆర్’ అంటే ఏఎండీ 2021లో తెచ్చిన పద్ధతిలో అంచులు పదునుదేరుతాయి, కొత్త గేములకు అది మేలు.

ఆక్షేప సమాధానాలు

ఎక్స్‌రాండర్ అనే కమాండ్‌తో తెర రిజల్యూషన్‌నే దించితే చాలదా? లినక్స్ పాత తెర వ్యవస్థ ఎక్స్11లో చాలును. కానీ డెస్క్‌టాప్ అంతా దిగుతుంది. స్కేలింగ్ 200 శాతం ఉంటే ఐకాన్లు పెంకుల్లా ఉబ్బుతాయి. గేమ్ మధ్యలో కూలితే తెర అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఎక్స్‌రాండర్‌నే ‘--ఆటో’ అని అడిగి పాత కొలతకు తెచ్చుకోవాలి. కొత్త వ్యవస్థ వేలాండ్‌లోనైతే ఎక్స్‌రాండర్ తెర అసలు కొలతను మార్చలేదు. గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్‌ల సెట్టింగ్స్‌లోకి పోవాల్సిందే.

గేమ్ మెనూలోనే తగ్గిస్తే? ‘రెండర్ స్కేల్’ అనే మీట ఉన్న గేముల్లో అదే ఉత్తమం: బొమ్మ చిన్నదిగా గీస్తుంది, అక్షరాలు మాత్రం చాలావరకు నిండు కొలతలోనే ఉంటాయి. అది ఉన్నవారికి ఈ వ్యాఖ్యతో పనిలేదు.

తాత్పర్యం

తెరను దాని నిండు కొలతలోనే ఉంచి, గేమ్‌ను మాత్రం సగం వెడల్పు, సగం ఎత్తులో గీయించాలి. అప్పటికీ ఫ్రేములు పెరగకపోతే అడ్డంకి గ్రాఫిక్స్ చిప్‌లో లేదు, చాలావరకు ప్రాసెసర్‌లోనే ఉంటుంది; రిజల్యూషన్ ఇంకా దించితే మిగిలేది మసకే.