వీపెక్కిన పిల్లి

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అని సామెత కట్టిన పెద్దమనిషికి బ్యాక్‌ప్యాక్ తెలియదు. తెలిసుంటే చంకను వదిలేసి వీపును పట్టుకునేవాడు. ఆయన కాలంలో పిల్లిని వెంటేసుకుని తిరిగేవాణ్ని చూసి జనం నవ్వేవాళ్లు. ఇప్పుడు దగ్గరికొచ్చి సెల్ఫీ అడుగుతున్నారు.

ఆదివారం పొద్దున వరంగల్ భద్రకాళి బండ్ మీదికి వెళ్లి చూడండి. షుగరు తగ్గించుకుందామని వచ్చినవాళ్లు, షుగరు తగ్గిందని చెప్పుకుందామని వచ్చినవాళ్లు అందరూ ఒక కుర్రాడి వెనకాలే నడుస్తుంటారు. కుర్రాడి వీపున నల్ల బ్యాగు. దాని నడుమ వ్యోమగామి టోపీకి ఉండేటటువంటి ప్లాస్టిక్ బుడగ. బుడగలో తెల్లటి పర్షియన్ పిల్లి. అణిగిన ముక్కు, రాగి రంగు కళ్లు, మనుషుల మీద ఏ కోశానా సదభిప్రాయం లేని చూపు. ముక్కు ఆనిన చోట ప్లాస్టిక్ మీద రూపాయి బిళ్లంత ఆవిరి పడుతుంది, ఆరుతుంది, మళ్లీ పడుతుంది.

మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆగలేక అడిగేశాడు.

"ఏంది బిడ్డా, దానికి కాళ్లు బాగలెవ్వా?"

"బాగనే ఉన్నయ్ తాతా. ఔటింగ్‌కు తెచ్చిన."

"మరి నడుస్తలేదేంది?"

"కింద దింపితే భయపడ్తది."

"భయపడేదాన్ని బయటికెందుకు తెచ్చినవ్?"

"ఇంట్ల ఉండి ఉండి బోర్ కొడ్తది గద తాతా."

"దానికా, నీకా?"

కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఈ కాలమ్‌లో నేను చెప్పదలచిన మాటంతా పెద్దాయన రెండు ముక్కల్లో తేల్చేశాడు గానీ, ఇంత జాగా ఇచ్చిన సంపాదకుడికి అది చాలదు కాబట్టి సాగదీయక తప్పదు.

పిల్లికి నిజంగా కావలసింది షికారు కాదు, సరిహద్దు. గడప, సోఫా కాలు, ఫ్రిజ్ మూల, వీటన్నిటికీ బుగ్గలు రాసి తన వాసన అంటించి, ఇంతమేరా నాది అని పట్టా రాసుకుంటుంది. పట్టా దాటి అడుగు పెడితే దానికి పరాయి దేశం. మనకు ఈ బాధ లేదు. 2016లో మన పాత జిల్లాను విడగొట్టారు, 2019లో ములుగును వేరు చేశారు, 2021లో పేర్లు మార్చారు. ఒక్క వరంగల్ ఆరు జిల్లాలైనా మనం ఎవరి సోఫాకూ బుగ్గ రాయలేదు, ఆధార్‌లో అడ్రసు మార్చుకుని ఊరుకున్నాం. అదే ఓర్పు పిల్లికీ ఉంటుందనుకుని దాన్ని వారం వారం బండ్ చూపించడానికి తెస్తున్నాం. 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలేసినప్పుడు కూడా ఇలాగే తెచ్చి ఉంటే, పాపం, చెరువంటే బురదేనని ఖాయం చేసుకునేది.

వరంగల్ పిల్లికి ఒకప్పుడు ఉద్యోగం ఉండేది, అది మరిచిపోవద్దు. బీట్ బజార్ కిరాణా కొట్లలో బియ్యం బస్తాల మీద ఒళ్లు విరుచుకుని పడుకున్న పిల్లిని సేటు అదిలించేవాడు కాదు. అది పడుకున్నట్టు కనిపించినా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఎనుమాముల మార్కెట్‌లో ధాన్యం ఉన్నంతకాలం ఎలుకకూ, ఎలుక ఉన్నంతకాలం పిల్లికీ ఢోకా లేదనుకున్నాం. పిల్లి మాత్రం ఉద్యోగానికి రాజీనామా చేసి వీపెక్కింది. ఎలుకలు చేయలేదు. 2022 మార్చి నెలాఖరున ఎంజీఎం ఆస్పత్రి ఐసీయూలో మంచం మీద కదలలేని రోగిని ఎలుకలు కొరికాయని దేశమంతా చదివింది. ఆయన్ని హైదరాబాద్ నిమ్స్‌కు తరలించారు, అక్కడ చనిపోయాడు. ఆ మాట దగ్గర నవ్వేదేమీ లేదు. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు. ఎలుకల్ని బదిలీ చేయడానికి మాత్రం ఏ శాఖలోనూ జీవో దొరకదు. వందల ఏళ్లుగా ఆ శాఖ చూసుకున్న జీవి ఇప్పుడు ట్యూనా రుచి ఉన్న గుజ్జు ప్యాకెట్లోంచి నాకుతూ, ఎలుకను ఫోన్ తెరమీద ఆటలో చూసి పంజా విసురుతోంది.

పాల సంగతీ అంతే. రాయలవారు ఎలుకల బెడద తీర్చడానికి ఇంటికో పిల్లిని, దానికి పాల కోసం ఆవును ఇస్తే, తెనాలి రామలింగడు మొదటి రోజే కాగే పాలు పెట్టి మూతి కాల్చాడట. ఆ పిల్లి మళ్లీ జన్మలో పాల మొహం చూడలేదు, పాలన్నీ రామలింగడే తాగాడు. చిన్నప్పుడు ఇది మోసమని నవ్వుకున్నాం. ఈరోజు ఏ పశువుల డాక్టర్ని అడిగినా ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, పోయకండి అంటున్నారు. రామలింగడిది మోసం కాదు, డైట్ చార్టు.

ఇక మోతలోని వేదాంతం. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకుంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. భక్తుడు వీటిలో ఏ పిల్లను చూసి నేర్చుకోవాలన్న దాని మీద వైష్ణవంలో వడగలై వారు మర్కట కిశోర న్యాయమని, తెంగలై వారు మార్జాల కిశోర న్యాయమని శతాబ్దాలుగా వాదించుకున్నారు. బ్యాగు మోసే కుర్రాడు తాను రెండో న్యాయం ఆచరిస్తున్నాననే నమ్ముతున్నాడు. భారమంతా తనది, పిల్లిది శరణాగతి. కానీ ఒకసారి ఆ బ్యాగు పక్కవైపు ఉన్న జాలీ దగ్గరికి వెళ్లి చూడండి. లోపల నాలుగు కాళ్ల గోళ్లూ జాలీలోకి దిగి ఉన్నాయి. మార్జాలమే మర్కట న్యాయంలోకి మారిపోయింది. ఆచార్యులు ఈ మతమార్పిడిని ఊహించలేదు.

శకునశాస్త్రానికి ఇంతకన్నా పెద్ద చిక్కు వచ్చిపడింది. పిల్లి అడ్డమొస్తే వెనక్కి తిరిగి, కాళ్లు కడుక్కుని, గ్లాసెడు నీళ్లు తాగి బయల్దేరాలి. ఇంతవరకూ స్పష్టంగా ఉంది. బైకు మీద, మనిషి వీపున, బుడగలో కూర్చుని, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో హన్మకొండ చౌరస్తా దాటే పిల్లిని ఏమనాలి? సిగ్నల్ దగ్గర ఒక ఆటో అన్న లేవదీసిన వ్యాజ్యం ఇదే.

"ఇట్ల అడ్డమొస్తే ఎట్లన్నా? ఇంకా బోణీ గాలె."

"పిల్లి రాలేదన్నా, నేనొచ్చిన."

ఆటో అన్న కాసేపు ఆలోచించాడు. "నువ్వొస్తే పర్వలేదు. గానీ అది నా దిక్కు చూసింది గద!"

సిగ్నల్ పడింది, తీర్పు వాయిదా పడింది. నూటయాభై బండ్లు ఆగిన కూడలిలో ఒక పిల్లి దాటితే నూటయాభై మంది వెనక్కి వెళ్లి నీళ్లు తాగాలి. మిషన్ భగీరథకు అంత ప్రెషర్ ఉందా అన్నది వేరే కాలమ్‌కు సరుకు.

పోనీ, పిల్లికి చరిత్ర చూపిద్దామని వేయిస్తంభాల గుడికి తీసుకుపోతారా? ఆగండి. రక్షిత కట్టడాల్లోకి జంతువులను తీసుకురాకూడదని 1959 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఒక్క మినహాయింపు ఉంది: కట్టడం నిర్వహణ అవసరానికైతే తేవచ్చు. తెలివైన యజమాని అక్కడ పట్టుకోవచ్చు. సార్, ఇది ఎలుకల విభాగం, డ్యూటీ మీద వచ్చింది. కాకపోతే లోపల రాతి నందిని చూసి అది నిమిషంలో పారిపోవడం ఖాయం, నిర్వహణ అక్కడితో ముగుస్తుంది. 1163లో రుద్రదేవుడు గుడి కట్టించినప్పుడు ఈ నిబంధన లేదు కాబట్టి ఏనుగుల్ని, గుర్రాల్ని ఎంచక్కా వాడుకుని ఉంటాడు. మన కాలంలో అదే గుడి కల్యాణ మండపాన్ని విప్పదీసి మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచేసరికి పదిహేడు పద్దెనిమిదేళ్లయింది. ఒక పిల్లి కళ్లు తెరిచి, ముసలిదై, కన్ను మూసేంత కాలం. ఖిలా వరంగల్‌లో అయితే తోరణాల పక్కనే ఊరుంది, బర్రెలూ మేకలూ తమంతట తామే తిరుగుతుంటాయి. వాటిని ఎవరూ "తీసుకురాలేదు". నిబంధన అక్షరాలా వర్తించాలంటే ముందు ఎవరైనా వాటిని బ్యాగులో పెట్టుకోవాలి.

ప్రయాణం మాటకొస్తే, ఆర్టీసీకి ఈ విషయంలో మంచి అనుభవం ఉంది. 2022 ఫిబ్రవరిలో కరీంనగర్ వెళ్లే బస్సులో గుడ్డలో చుట్టి తీసుకుపోతున్న కోడిపుంజుకు కండక్టర్ 30 రూపాయల టికెట్ కొట్టాడు. 2024 జనవరిలో వరంగల్ నుంచి వేములవాడ పోయే బస్సులో ఎవరో సంచితో సహా పందెం కోడిని మరిచిపోతే, కరీంనగర్ డిపోలో దాన్ని కట్టేసి, మేపి, వేలం వేస్తామని ప్రకటన ఇచ్చారు. కోడి నాదేనని ఓనరు వీడియోలో మొరపెట్టుకున్నాడు, వేలం ఆగింది. అంటే సంచిలో జీవిని పెట్టుకుని తిరిగే సంప్రదాయం ఈ రూట్‌లో కొత్తదేమీ కాదు. కాకపోతే కోడి సంచికి కిటికీ లేదు, పోయింది పందేనికి. పిల్లికి కిటికీ ఉంది. పందెం మాత్రం ఇక్కడా ఉంది, లైకుల్లో.

రైల్లో కుక్కనైనా పిల్లినైనా పక్కన కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరునే ఉండాలి. లేదా గార్డు పెట్టెలో లగేజీగా ఎక్కించాలి. కాజీపేటలో జనరల్ బోగీ ఎక్కి, ఒంటికాలి మీద సికింద్రాబాద్ చేరే మనిషికి ఈ రెంటిలో ఏదీ దొరకదు. పిల్లికి ఆకాశమార్గం కూడా తెరుచుకుంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ నుంచి చిన్న కుక్కల్నీ పిల్లుల్నీ క్యాబిన్‌లోకి రానిస్తోంది. మిగిలింది మన వంతు. నిజాం కాలంలో విమానాలు దిగిన మామునూరు ఎయిర్‌పోర్టు 1980ల మొదట్లోనే మూతబడింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం దానికి అడ్డం పడుకుంది. ఎట్టకేలకు 2025 ఫిబ్రవరి ఆఖరున కేంద్రం సరేనంది. విమానం మళ్లీ రాకముందే మామునూరుకు వెటర్నరీ కాలేజీ వచ్చేసింది. కాబట్టి విమానమెక్కాలని బ్యాగులో తయారైన పిల్లి అక్కడిదాకా వెళ్లి, రేబిస్ సూది వేయించుకుని ఇంటికి తిరిగొస్తుంది.

నిజానికి ఆ బ్యాగుకు న్యాయమైన పని అదొక్కటే. ఆటోలో ఒళ్లో పెట్టుకున్న పిల్లి హారన్ మోతకు బెదిరి నడిరోడ్డు మీదికి దూకితే మళ్లీ దొరకదు. డాక్టరు దగ్గరికి మూసిన బ్యాగులోనే తీసుకుపోవాలి. తెలిసినవాళ్లు బ్యాగును ఇంట్లో ఒక మూల జిప్పు తీసి పడేసి, లోపల పాత చీర ముక్క పరిచి, అదంతట అది వెళ్లి పడుకునేదాకా వదిలేస్తారు. తెలియనివాళ్లు పార్సిల్ విప్పిన అరగంటకు పిల్లిని కుక్కి బండ్ మీద తేలతారు. అదీ ఏప్రిల్‌లో. వరంగల్ ఎండ నలభై దాటిన రోజుల్లో ఆ ప్లాస్టిక్ బుడగలో ఏం జరుగుతుందో చెప్పడానికి సైంటిస్టు అక్కర్లేదు, అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో పది నిమిషాలు కూర్చుంటే చాలు. పిల్లికి చెమట పట్టేది అరికాళ్లకే. అది నోరు తెరిచి కుక్కలా రొప్పుతోందంటే హాయిగా ఉందని కాదు, ప్రాణం మీదికొచ్చిందని. అణిగిన ముక్కున్న పర్షియన్‌కు మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం. కామెంట్లలో మాత్రం "ఎంత హ్యాపీగా నవ్వుతోందో!" అని గుండె బొమ్మలు పడతాయి.

బుడగలోంచి లోకాన్ని చూసే పిల్లికి ఒక పూర్వీకురాలు ఉంది. 1963 అక్టోబర్ 18న ఫ్రాన్స్ వాళ్లు ఫెలిసెట్ అనే పిల్లిని రాకెట్‌లో పెట్టి 157 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. ఇంచుమించు హన్మకొండ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో అంత పైకి. పావుగంటలో ప్రాణాలతో దిగింది. రెండు మూడు నెలల తర్వాత, మెదడు ఎలా ఉందో చూడాలని దాన్ని చంపేశారు. దాన్ని కూడా ఎవరూ అడగలేదు. అయితే ఆ సైంటిస్టులు మాకు బోర్ కొట్టి పంపామని గానీ, పిల్లికి బోర్ కొట్టి పంపామని గానీ బుకాయించలేదు.

మన కుర్రాడి పిల్లికి అంత దూరం రాలేదు. ఒక ఎండ పూట ఔటింగ్ తర్వాత రెండు రోజులు తిండి మానేసి మంచం కింద దూరింది. డాక్టరు సెలైన్ పెట్టాడు. కొడుకు గూగుల్ చూశాడు. తల్లి మాత్రం, బియ్యం సంచి మొయ్యమంటే నడుం నొప్పి అనే కొడుకు పిల్లిని మోస్తాడన్న కోపం దిగమింగుకుని, అది లేచి తింటే సమ్మక్కకు దాని ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. బంగారమంటే మేడారం లెక్కలో బెల్లమే కాబట్టి ఇల్లు అమ్ముకోవలసిన పని పడలేదు.

పిల్లి లేచింది, తిన్నది. ముగ్గురూ బెల్లం దుకాణానికి వెళ్లారు. తూకం మీద పెట్టిన పిల్లి మూడుసార్లు దూకింది. నాలుగోసారి బ్యాగులో దూరి బయటికి రానంది. దుకాణదారు ఇలాంటివి ఎన్నో చూసినవాడు.

"అట్ల గాదు తమ్మీ. బ్యాగు ఏసుకొని నువ్వే ఎక్కు. తర్వాత బ్యాగు తీసేసి ఎక్కు. రెంటికీ నడుమ ఫరక్ చూస్త. బ్యాగు బరువు అమ్మవార్లకు ఎక్స్‌ట్రా అనుకో."

కుర్రాడు బ్యాగుతో ఎక్కాడు: 98. దింపి ఎక్కాడు: 92. దుకాణదారు ఆరు కిలోల బెల్లం తూచి, మూట కడుతూ, కుర్రాణ్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసి తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, పిలగాని పేరు మీద మొక్కేం లేదా?"