నొప్పి బిళ్ళ మానేస్తున్నారా? ఇవిగో అరుగు మీది చిట్కాలు

కొబ్బరి దింపులో నడుం పట్టేసినవారు కావచ్చు, రావులపాలెం మీదుగా రాత్రంతా లారీ తోలేవారు కావచ్చు, మోకాలి ఆపరేషనయిన పెద్దవారు కావచ్చు. నొప్పికని ట్రమడాల్ మొదలుపెట్టారు. నొప్పి పోయింది, బిళ్ళ మాత్రం ఉండిపోయింది. ఇవాళ ఆపేస్తే రేపటికల్లా ఒంట్లో ఎప్పుడూ ఎరగని వింతలు మొదలవుతాయి. అప్పుడేం చెయ్యాలో మన వీధి అరుగుల మీదా, కిళ్ళీకొట్ల దగ్గరా ఏళ్ళ తరబడి పోగుపడిన విజ్ఞానాన్ని ఒకచోట చేర్చి ఇస్తున్నాం. షరతు ఒక్కటే: బిళ్ళ పేరు ఎవరి దగ్గరా ఎత్తకూడదు.

1. ఒక్క దెబ్బతో మానేయండి. రోషం ఉన్నవాడు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటాడా అండీ? షీట్లన్నీ పట్టుకెళ్ళి కాలవలో పారేసి మీసం మెలేయండి. ధవళేశ్వరంలో గేట్లు నీటిమట్టం చూసుకుంటూ ఎత్తుతారంటే అది ఇంజనీర్ల పిరికితనం. ఏళ్ళ తరబడి బిళ్ళకి అలవాటుపడ్డ నరాలకి అలాంటి మర్యాదలు అక్కర్లేదు. రెండో రోజో మూడో రోజో బాధ పతాకస్థాయికి చేరాక, షీట్లు పారేసిన చోటు గుర్తుందో లేదో చూసుకోండి.

2. ఆవలింతలు ఆగకపోతే దిష్టి తీయించండి. కళ్ళు నీళ్ళు కారతాయి, ముక్కు కారుతుంది, ఒక ఆవలింత పూర్తికాకుండానే ఇంకొకటి వస్తుంది. రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వెయ్యండి. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. ముక్కు మూసుకుపోయినవాడికి ఘాటెలాగూ తెలియదు కాబట్టి రోగనిర్ధారణ ఎప్పుడూ తప్పదు.

3. ఒళ్ళు గగుర్పొడిస్తే రక్తపరీక్ష చేయించండి. రోహిణి కార్తెలో రాజమండ్రి మాడిపోతుంటే మీకు చలి. దుప్పటి కప్పుకోగానే చెమటతో తడిసిపోతుంది, తీసేయగానే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. మలేరియా లేదంటే ల్యాబు మార్చండి, అక్కడా లేదంటే ఊరు మార్చండి. బిళ్ళ ఇన్నాళ్ళూ అణచిపెట్టిన నార్‌ఎడ్రినలిన్ ఒక్కసారిగా విజృంభించడం వల్లే ఈ చలీ, చెమటా, గుండెదడా అని డాక్టర్లంటారు. అంత పొడుగు పేరున్నది మన ఊరెందుకొస్తుంది లెండి.

4. చీమలు పాకినట్టుంటే మంచం మార్చండి. రాత్రి రెండింటికి కాళ్ళు ఒకచోట నిలవవు. చాపితే ముడవాలనిపిస్తుంది, ముడిస్తే తన్నాలనిపిస్తుంది. మంచం మీంచి గచ్చు మీదకీ, గచ్చు మీంచి అరుగు మీదకీ తిరుగుతారు. ఇది నల్లుల పనే. పరుపు ఎండలో వేసి మందు కొట్టించండి. అదే పరుపు మీద ఇంటావిడ హాయిగా నిద్రపోతోందంటే ఆవిడ రక్తం వాటికి రుచించలేదన్నమాట.

5. తలలో కరెంటు కొడితే ఎలక్ట్రీషియన్ని పిలవండి. ట్రమడాల్ నల్లమందు జాతి మందుల్లా పనిచేస్తూనే సెరటోనిన్ మీదా ప్రభావం చూపుతుంది. అందుకే మానేసినప్పుడు కొందరికి తలలో షాక్ తగిలినట్టుంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, కారణం లేని భయం పట్టుకుంటుంది, ఒక్కోసారి లేనివి కనిపిస్తాయి. ముందు ఇంటికి ఎర్తింగ్ చూపించండి. లేనివి కనిపించేదాకా వస్తే భూతవైద్యుణ్ణి పిలవండి. ఆస్పత్రికి వెళితే నలుగురూ ఏమనుకుంటారు!

6. విరేచనాలకి ఉపవాసమే మందు. తప్పంతా నిన్న తిన్న పూతరేకు మీదకి తోసేసి మంచినీళ్ళు కూడా మానేయండి. ఓఆర్ఎస్ చిన్నపిల్లలకి గానీ మీసాలున్నవాళ్ళకి కాదు. కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు సెలైన్ ఎలాగూ పెడతారు.

7. నిద్రకి నాలుగూ కలపండి. పక్కింటాయన నిద్రమాత్ర అడిగి తెచ్చుకుని, దానిమీద ఓ క్వార్టరు వెయ్యండి. ఊపిరి నెమ్మదిస్తే గాఢనిద్ర పట్టిందని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. ఈ రెండిటికీ పాత బిళ్ళ కూడా తోడైనప్పుడు కొందరు మళ్ళీ లేవలేదు. నిద్ర చాలలేదని మాత్రం వాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

8. తాతల్ని తలుచుకోండి. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నల్లమందు వాడకానికి పేరుమోసిన జిల్లాల్లో మన గోదావరి జిల్లా ఒకటి. మన్యం జ్వరాలకి విరుగుడని తినేవారు. జ్వరాలు అలాగే ఉన్నాయి, నల్లమందు అలవాటూ అలాగే ఉండిపోయింది. ఇంత ఘనమైన సంప్రదాయం ఉండగా చికిత్స ఎందుకండీ?

9. మెడికల్ షాపులో చీటీ అడిగితే అలగండి. 2018 ఏప్రిల్లో ట్రమడాల్‌ని మత్తుమందుల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి తెచ్చారు. షీటు మీద ఎర్ర అక్షరాల హెచ్చరిక అందం కోసం వేసింది కాదని అందరికీ తెలుసు, మీరు మాత్రం చదవకండి.

10. వారం గెలిచాక పండగ చేసుకోండి. చలి తగ్గింది, కాళ్ళు నిలిచాయి. ఈ ఒక్కసారికీ అంటూ పాత లెక్క ప్రకారమే వేసుకోండి. ఈ వారంలో ఒంటికి పాత ఓర్పు తగ్గిపోయి ఉంటుంది, నిన్నటిదాకా తట్టుకున్న మోతాదే ఇవాళ ఊపిరి ఆపేయగలదు. ఇది పాటించినవారికి పదకొండో చిట్కాతో పని ఉండకపోవచ్చు. అందుకే రాయలేదు.

వెటకారం ఇక్కడితో చాలు. పై బాధలన్నీ నిజమైనవే, వాటన్నిటికీ వైద్యం ఉంది. ఒంటి బాధలు చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి, నిద్రా మనసూ కుదుటపడటానికి ఇంకొంత కాలం పడుతుంది. డాక్టరుకి మూడు సంగతులు దాచకుండా చెప్పండి: ఏ బిళ్ళ, రోజుకెన్ని, ఎన్నాళ్ళుగా. మోతాదు మెల్లగా తగ్గిస్తారు, అవసరమైతే క్లోనిడిన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులిస్తారు. వీటిని సొంతంగా కొని వేసుకోకూడదు. గర్భిణులు డాక్టరుని అడక్కుండా ఒక్కసారిగా మానకూడదు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, ఊపిరి మందగించి లేపినా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. మత్తు అలవాట్లకి ఉచిత హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లోవాళ్ళకి ఒక్క మాట: తిట్టడం వాయిదా వేసి, ఆస్పత్రికి తోడు వెళ్ళండి.