వాయిదా కావాలట మా మనవడికి

మా రోజుల్లో ఇంకేదో వచ్చేదాకా ఖాళీగా ఉండటమెందుకని లా చదివేవాళ్ళం. ఇప్పుడు లా చదవడం కోసమే ఏడాది ఖాళీగా ఉంటారట.

1971లో బీయే పాసై వాల్తేరులో లాలో చేరాను. ఎందుకు చేరావని ఒక్కరూ అడగలేదు. బ్యాంకు పరీక్ష ఫలితం రాలేదు, సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ పడలేదు, ఇంట్లో కూర్చుంటే మా నాన్న చూపు తట్టుకోలేం. మా బెంచీ మీద ఐదుగురం, ఐదుగురిదీ అదే కథ. ఇద్దరికి మధ్యలో గుమాస్తా ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయారు. నాకు రాలేదు కనక ప్లీడర్నయ్యాను.

మా మనవడు మొన్న డిసెంబరులో క్లాట్ రాశాడు. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. ఆ పరీక్ష మీద సీట్లిచ్చే జాతీయ లా యూనివర్సిటీలు దేశంలో దాదాపు పాతిక ఉంటే, జాబితాలో బాగా కిందున్న ఒకదాంట్లో సీటొచ్చింది. నేను పూతరేకులు తెప్పించాను. వాడు డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఈ ఏడాది డ్రాప్ తీసుకుంటా తాతయ్యా. శామీర్‌పేట నల్సార్ యూనివర్సిటీ లాంటిదొస్తేనే చేరతా" అన్నాడు.

మా రోజుల్లో డ్రాప్స్ అంటే కంట్లో వేసుకునే మందు.

వచ్చిన సీటుని ఏం చేస్తావో చెప్పమని వాడి ఫోన్లో ఫ్రీజ్, ఫ్లోట్, ఎగ్జిట్ అని మూడు మీటలున్నాయి. ఫ్రీజ్ నొక్కితే ఇచ్చింది చాలని. ఫ్లోట్ నొక్కితే దీన్ని చేత్తో పట్టుకుని పైదాని కోసం చూస్తూ ఉండటం. ఎగ్జిట్ అంటే దండం పెట్టి బయటికి రావడం. మాకు ఉన్నది ఒకటే మీట. దాని మీద మా నాన్న వేలుండేది.

"ఒరేయ్, ప్లీడరు తయారయ్యేది కాలేజీలో కాదురా" అన్నాను. నా చదువంతా మా సీనియరు గారి వరండాలో జరిగింది. పొద్దున్నే కట్టలు విప్పి ఆ రోజు వాయిదాలు చూసుకోవడం, దావా చిత్తు రాయడం, ఆయన ఎర్ర సిరాతో కొట్టేస్తే మళ్ళీ రాయడం. వకాల్తా మీద కక్షిదారు వేలిముద్ర ఎక్కడ వేయించాలో నేర్పింది ఆయన దగ్గరి గుమాస్తా. ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో నీ కాలేజీ ఏదయ్యా అని ఏ జడ్జీ అడగలేదు. ఇప్పుడైనా ఏ కాలేజీలో చదివినా అందరూ రాయాల్సిన బార్ పరీక్ష ఒకటే.

వాడు శాంతంగా విన్నాడు. "పెద్ద లా ఫర్మ్‌లు ఉద్యోగాలివ్వడానికి ముందు ఏ క్యాంపస్‌లకెళ్తాయో తెలుసా తాతయ్యా?" అన్నాడు. తెలియదు. మా రోజుల్లో క్యాంపస్ అంటే బస్టాండు. కక్షిదారు అక్కడే దిగేవాడు.

చివరికి ప్రకాశం పంతులు గారిని సాక్షిగా పిలిచాను. "రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉండి పేరు తెచ్చుకోలేదూ? దొరికిందాంతో మొదలుపెట్టాడు!"

"తర్వాత 1904లో ఇంగ్లండెళ్ళి బారిస్టరై వచ్చారుగా. అప్పటికి ఆయనకి ముప్ఫై దాటాయి. అంటే ఉన్నది చాలదని మళ్ళీ చదివినట్టేగా?"

నా సాక్షి నాకే అడ్డం తిరిగాడు. అయినా వదల్లేదు. "చదివాడురా, కానీ అంతకుముందు ఊరికే కూర్చోలేదు. ప్రాక్టీసు చేశాడు."

అప్పుడు నాలోని పాత ప్లీడరు లేచాడు. జీవితమంతా వాయిదాలడిగి బతికినవాణ్ణి, పిల్లవాడు ఒక్క వాయిదా అడిగితే గొంతు చించుకుంటున్నానేమిటి? కోర్టులో వాయిదా అడగటం తప్పు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు విచారణలో ఒక పక్షానికి మూడుకి మించి వాయిదాలివ్వొద్దంటుందే గానీ, అసలివ్వొద్దనదు. కారణం చూపించమంటుంది. మా మున్సిఫు గారైతే ఒకటే ప్రశ్న వేసేవారు: "వచ్చే తేదీకి ఈరోజు లేనిది ఏం తెస్తారు?" దానికి జవాబు లేని ప్లీడరు ఆ పూటే వాదించాల్సిందే.

అదే ప్రశ్న వాణ్ణడిగాను. "ర్యాంకు" అన్నాడు. కొట్టేశాను. అది నువ్వు కోరే తీర్పు, తెచ్చే సాక్ష్యం కాదన్నాను. లోపలికెళ్ళి కాగితం తెచ్చాడు. పరీక్షలో 18 ప్రశ్నలు చదవనే లేదట, టైము చాలక. ప్రశ్నలన్నీ పేరాలు చదివి జవాబు రాసేవి, వీడికి చదవడంలో వేగం లేదు. ఇంటరు ఎంపీసీ లెక్కల మధ్య రోజూ పేపరు చదవడం కుదర్లేదు. వచ్చే డిసెంబరుకి ఇంటరుండదు. రాకపోతే డిగ్రీ చేసి మూడేళ్ళ లాలో చేరతానని చివర్లో రాసుకున్నాడు.

ర్యాంకు రాలేదని ఏడ్చేవాడైతే ఫ్రీజ్ నేనే నొక్కేవాణ్ణి. వీడు ఎక్కడ ఓడాడో వీడికి తెలుసు.

ఖర్చులతో వాయిదా ఇచ్చాను. ఖర్చులేమిటంటే, రోజూ పొద్దున ఆరింటికి నాకు ఇంగ్లీషు పేపర్లో రెండు సంపాదకీయాలు పైకి చదివి, ఒక్కోదాన్ని మూడు ముక్కల్లో చెప్పాలి. నా కళ్ళకెలాగూ శుక్లాలొచ్చాయి. పక్కన డ్రాప్స్ సీసా ఉంటుంది.

పాత అలవాటుకొద్దీ డైరీలో రాసుకున్నాను: డిసెంబరుకి వాయిదా, ఆఖరి అవకాశం. వాడు చూసి భయపడ్డాడు. ఆ ఆఖరి అవకాశం అన్న మాట మీద నాకు ఎన్నెన్ని వాయిదాలు దొరికాయో వాడికి చెప్పదల్చుకోలేదు.