మొహమాటం లేకుండా చెప్పండి

ఇతగాణ్ని మీరెరుగుదురు. ఆఫీసు క్యాంటీన్లోనో, అపార్ట్‌మెంటు లిఫ్టులోనో తగిలే ఉంటాడు. ఈఎంఐ మీద కెమెరా కొన్నాడు. బోలెడు జేబుల జాకెట్ అంతకుముందే కొన్నాడు. వనజంగి, లక్నవరం, గండికోట చుట్టొచ్చాడు. ట్రైపాడ్ కూడా అన్నిచోట్లకీ వెళ్లొచ్చింది, కారు డిక్కీలో.

పక్కన కూర్చుని ఫోన్ మీ చేతిలో పెట్టి, "మొహమాటం లేకుండా చెప్పండి సార్. నేర్చుకునేవాణ్ని, ఏమీ అనుకోను" అంటాడు. ఆ చివరి ముక్క నమ్మి కొందరు స్నేహాలు పోగొట్టుకున్నారు.

ఫోటో గండికోటది. ఎర్రరాతి లోయ, అడుగున పెన్నా. హొరైజన్ ఎంత ఒరిగిందంటే నదిలో నీళ్లన్నీ కుడిపక్క నుంచి ఫ్రేము దాటి మీ ఒళ్లో పడేలా ఉన్నాయి. ఆ మాటే అంటే, "అది కావాలని పెట్టిన టిల్ట్ సార్" అంటాడు. ఆకాశం తెల్లగా మాడిపోయిందేమంటే, "మూడ్ కోసం." మిట్టమధ్యాహ్నం తీశావేమిటయ్యా, పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే రాళ్ల పగుళ్లన్నీ లేచి కనపడేవి కదా అంటే మాత్రం నిజం ఒప్పుకుంటాడు: "టిఫిన్ లేటయింది సార్."

తరవాత కోనసీమ. వరిచేను ఆటో వెనక అంటించిన రేడియం స్టిక్కరులా మెరుస్తుంటుంది. రంగు కాస్త ఎక్కువైందేమో అన్నారా, అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ను సాక్ష్యానికి పిలుస్తాడు. 1927లో యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండను తీస్తూ ఎర్ర ఫిల్టరు పెట్టి ఆయన ఆకాశాన్ని నల్లగా చెయ్యలేదా అని. చేశాడు, నిజమే. కాకపోతే మీట నొక్కకముందే ఆ నలుపు ఆయన కళ్లకు కట్టింది. మనవాడు ఇంటికొచ్చి, మజ్జిగ తాగుతూ, శాచురేషన్ స్లైడరు ఎంతదూరం పోతుందో చూశాడు.

ఇతన్ని దారికి తెచ్చింది మా వీధి చివర పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో పెద్దాయన. రోల్లో 36 ఫ్రేములే ఉండే రోజుల్లో పెళ్లిళ్లు తీసిన మనిషి. గండికోట ప్రింటు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీంట్లో నన్ను దేన్ని చూడమంటావోయ్?"

"లోయని బాబాయ్."

"మరి సగం ఆకాశమెందుకు?"

"మబ్బు కూడా బాగుందని..."

పెద్దాయన ఫోటోల కవరొకటి తీసి ఆకాశం మీద అడ్డంగా పెట్టి, మెల్లగా కిందికి జరిపాడు. లోయ అప్పుడు లోతెక్కింది. "ఈ మూల బండ బాగా పట్టావ్. ఈసారి దాని దగ్గరికి ఇంకో రెండడుగులు జరిగి, వంగి తియ్. అయినా ఎఫ్ 22 ఎవడు పెట్టమన్నాడు?"

"అంతా షార్ప్‌గా వస్తుందని..."

"మరీ అంత చిన్న కంతలోంచి వెలుతురు దూరితే బొమ్మే మెత్తబడుతుంది. ఎఫ్ 8, ఎఫ్ 11 చాలు. ఇంకోటి, లెవెల్ గీత నీ కెమెరాలోనే ఉంటుంది. ఆన్ చేసుకో, డబ్బులడగదు."

మనవాడు ఒక్క సాకూ చెప్పలేదు. సందు దొరికితే కదా! పెద్దాయన ఫోటో బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మళ్లీ గండికోట వెళ్లాడు. ట్రైపాడ్ డిక్కీ దిగింది. టిఫిన్ కంటే ముందు సూర్యోదయం అయింది. పెన్నా బల్లపరుపుగా వచ్చింది, ముందు బండ, వెనక లోయ. ఇప్పుడు ఇతగాడి కొత్త జబ్బేమిటంటే, ఎవరింటికెళ్లినా గోడమీది పటాల్లో ఒరుగు వెతకడం. మా వేంకటేశ్వరస్వామి పటాన్నీ సరిచేసి వెళ్లాడు.

ఏదో ఆదివారం మీ ఇంటికీ వస్తాడు. "సూపర్" అని పంపించెయ్యకండి. ఫోటోలో మీ కన్ను ఎక్కడ ఆగిందో, ఎక్కడ తప్పిపోయిందో చెప్పండి. ఆ రెండోది మాత్రం కాఫీ ఇచ్చాక.